గుండిగలోళ్ళ రేకు బండి

తెలివిని కొలిచే గిన్నె ఇంకా ఎవరూ చెయ్యలేదు గానీ, చేసిన రోజున దాన్ని ముందుగా తన గుమ్మంలోకే మోసుకురావాల్సి ఉంటుందని వేమలపాలెం గవర్రాజు నమ్మకం. ఆ నమ్మకం వాళ్ళ తాతది. తాత నుంచి తండ్రికీ, తండ్రి నుంచి గవర్రాజుకీ, గవర్రాజు తమ్ముళ్ళు బుల్లియ్యకీ అబ్బులుకీ ఇంట్లో ఉన్న ఇత్తడి గుండిగలతో పాటే సంక్రమించింది. పెళ్ళిళ్ళకీ శుభకార్యాలకీ వంట పాత్రలు అద్దెకివ్వడం ఆ ఇంటి వృత్తి. ఒక్కో గుండిగలో ఇద్దరు మనుషులు దిగి కూర్చుని చుట్ట కాల్చుకోవచ్చు. ఊళ్ళో అందరూ వాళ్ళని గుండిగలోళ్ళంటారు. "మా తాత గుండిగలూ మందమే, మా బుర్రలూ మందమే, పల్చటి సరుకు మా ఇంట్లో దొరకదు" అని గవర్రాజు నలుగురిలో ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు. ఆ నలుగురూ ఎప్పుడూ కాదనలేదు.

ఆ ఇంట్లో లోహాన్ని కంటితో చూడరు, చెవితో చూస్తారు. అద్దెకి వెళ్ళిన గుండిగ తిరిగి రాగానే గవర్రాజు వేలి కణుపుతో ఒకటి కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. ఖంగుమంటే లోపల పెట్టిస్తాడు, డొల్లగా పలికితే అవతలివాళ్ళతో తగువు పెట్టుకుంటాడు. పుచ్చకాయైనా, గుమ్మం తలుపైనా ఆయనకి ఇదే పరీక్ష. ఒకసారి బుల్లియ్యకి పిల్లనిస్తామని వచ్చిన పెద్దమనిషి బుర్ర మీద కూడా కొట్టి విన్నాడు. బుల్లియ్యకి ఇంకా పెళ్ళి కాలేదు.

ఇంత తెలివైన ఇంటికీ ఒక కష్టం వచ్చిపడింది. పక్క ఊరి చిట్టిబాబు స్టీలు పాత్రలు కొన్నాడు, వాటిని చేరవెయ్యడానికి ఒక ట్రక్కు కూడా కొన్నాడు. పాత్రలు తేలిక, బండి చురుకు. గుండిగలోళ్ళ ఎద్దుబండి ఊరి పొలిమేర దాటేలోపు చిట్టిబాబు పాత్రల్లో పప్పు ఉడికిపోయేది. ఇంకేముంది, ఒక్కో ఇల్లే అటు జారిపోయింది. చివరికి మిగిలింది లంకలో సూరపరాజు గారి ఇల్లు ఒక్కటే. మూడు తరాలుగా ఆ ఇంట ఏ కార్యమైనా అన్నం ఉడికింది వీళ్ళ గుండిగల్లోనే. ఇప్పుడు ఆయన పెద్ద మనవరాలి పెళ్ళి. పెళ్ళిరోజు మధ్యాహ్నానికల్లా గుండిగలు నా పెరట్లో దిగాలి, పోయినసారిలా దీపాలు పెట్టే వేళకొస్తే ఇకమీదట చిట్టిబాబునే పిలుచుకుంటాను అని రాజుగారు కబురు పంపారు.

ఆ కబురు విన్నాక గవర్రాజుకి ముద్ద దిగలేదు. పెరట్లోకి వెళ్ళి అన్నిటికంటే పెద్ద గుండిగ పక్కన చతికిలబడ్డాడు. తన పెళ్ళి అన్నం ఉడికింది అందులోనే. తండ్రి పెద్దకర్మ అన్నం ఉడికిందీ అందులోనే. ఈ ఒక్క ఇల్లూ చెయ్యి జారితే వీటిని పాతసామాన్ల వాడికి తూకానికి వెయ్యాల్సిందే. 

"ఎద్దుల్నీ బండినీ అమ్మేసి మనమూ ట్రక్కు కొందాం అన్నయ్యా" అన్నాడు బుల్లియ్య. ఇంత గొప్ప ఆలోచన చేసినందుకు గవర్రాజు భార్య నూకరత్నం మరిదికి ఆ పూట రెండు అప్పడాలు ఎక్కువ వడ్డించింది.

టౌన్లో బండ్ల షోరూంలో పరదేశి గారని, మెళ్ళో టై కట్టుకున్న పెద్దమనిషి ఎదురొచ్చి ముగ్గురన్నదమ్ములకీ కూల్‌డ్రింకులిచ్చాడు. గవర్రాజు సీసా పక్కన పెట్టి నేరుగా ఒక ట్రక్కు దగ్గరికి వెళ్ళి తలుపు మీద వేలి కణుపుతో కొట్టాడు. డొల్లగా పలికింది. బానెట్టు మీద కొట్టాడు. అదీ అంతే. తమ్ముళ్ళూ చెరో వైపు నుంచి అందుకున్నారు. వరసగా నిలబెట్టిన బండ్లన్నిటినీ ముగ్గురూ కొట్టుకుంటూ పోతే షోరూం అంతా డప్పులు వాయిస్తున్నట్టు మోగిపోయింది. గవర్రాజు ముఖం చిన్నబోయింది. ఇదేం లోహమండీ బాబూ, మా ఆవిడ వత్తే అప్పడం ఇంతకంటే మందం అన్నాడు.

పరదేశి గారు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఇప్పుడొచ్చే బండ్లన్నిటికీ రేకు పల్చనే. రేకు పల్చనైతే బండి బరువు తగ్గుతుంది, డీజిలు తక్కువ తాగుతుంది, తగ్గిన బరువుకి బదులు సరుకు ఎక్కించుకోవచ్చు. వెనకటి బండ్ల రేకు మందంగా ఉండేమాట నిజమే గానీ, గోడకి గుద్దితే బండి నిక్షేపంలా ఉండేది, తోలేవాడే మిగిలేవాడు కాదు.

"అందుకని ఇప్పుడు దెబ్బ తగిలితే ముందు రేకే నలిగిపోయేట్టు చేస్తున్నారండి. రేకు నలిగితే మనిషి బతుకుతాడు. అది గుర్తుపెట్టుకోండి" అన్నాడు.

గవర్రాజు ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. తమ్ముళ్ళిద్దరూ పెదవులు కదుపుతూ బట్టీ పట్టారు. పరదేశి గారు అంతటితో ఊరుకోకుండా, ఏ ఇబ్బందొచ్చినా మొహమాటపడకుండా తనకి ఫోన్ చెయ్యమని కూడా అన్నాడు. పాపం, మర్యాదకి అన్నాడు. మర్నాడే నూకరత్నం ఫోన్ చేసి, పులుసులో ఉప్పెక్కువైందండీ, ఏం చెయ్యమంటారు అని అడిగింది.

ఇత్తడి రంగుకి దగ్గరగా ఉంటుందని పసుపుపచ్చ బండే ఏరుకున్నారు. ట్రాక్టరు తోలిన అలవాటు ఉంది గనక అబ్బులు నడుపుకొచ్చాడు. కొత్త పాత్ర ఏదొచ్చినా దాని అంచుకేసి కొబ్బరికాయ కొట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. తాత గుండిగల అంచుకి కొట్టిన కాయలు ఒక్క దెబ్బకి రెండు చిప్పలయ్యేవట. గవర్రాజు తలంటుకుని, బొట్టు పెట్టుకుని, ఇష్టదైవానికి దణ్ణం పెట్టుకుని, కాయ పైకెత్తి బానెట్టు మీద దభీమని కొట్టాడు.

కాయ పగల్లేదు. బానెట్టు సొట్టపోయింది.

కాయ ముదురేమోనన్నాడు అబ్బులు. లేతకాయ తెచ్చి తలుపు మీద కొట్టారు. కాయ అలాగే ఉంది, తలుపు లోపలికి పోయింది. చివరికి అదే కాయని పెరట్లో పెద్ద గుండిగ అంచుకేసి కొడితే చక్కగా పగిలింది. అందరూ తలో ముక్కా నములుతూ ఆలోచించి, బండి ఇంకా పసిది, ఎముక ముదరలేదు, మనమే తొందరపడ్డాం అని తీర్మానించుకున్నారు.

సొట్ట తియ్యడం గుండిగలోళ్ళకి ఒక లెక్కా? బుల్లియ్య బానెట్టు కింద దూరి చెక్క సుత్తితో లోపల్నుంచి ఒక దెబ్బ వేశాడు. గుండిగ అయితే ఆ దెబ్బకి బుద్ధిగా సర్దుకునేది. ఈ రేకు టప్పుమని పైకి పొంగి, పక్కనే ఇంకోచోట లోపలికి దిగింది. అక్కడ కొడితే ఇటు దిగింది. ఇటు కొడితే అటు దిగింది. గవర్రాజు గడ్డం నిమురుకుంటూ కాసేపు చూసి అసలు సంగతి కనిపెట్టాడు. సొట్ట పరిగెడుతోంది. పరిగెత్తేదాన్ని కొట్టకూడదు, తోలాలి. అంతే, భార్యని ఒక పక్కా, అబ్బులుని ఒక పక్కా చీపుళ్ళిచ్చి నిలబెట్టాడు. బుల్లియ్య కింద నుంచి కొడుతుంటే, తప్పించుకున్న కోడిని తోలినట్టు హుష్ హుష్ అంటూ దాన్ని బానెట్టు అంచుదాకా తోలుకొచ్చారు. కింద పడితే పట్టుకోవడానికి గవర్రాజు గోనెసంచి తెరిచి పట్టుకున్నాడు.

అంచు దగ్గరికొచ్చి సొట్ట మాయమైంది. సంచిలో వెతికారు, లేదు. చక్రాల కింద వెతికారు, లేదు. ఇంతలో నూకరత్నం తలుపు మీద చూసింది. "ఇదిగో, ఇక్కడికొచ్చి నక్కింది దొంగది" అంది. కొబ్బరికాయ సంగతి అప్పటికే అందరూ మర్చిపోయారు.

ఇన్ని దెబ్బలకి రంగు అక్కడక్కడ పెచ్చులూడి, బండి మాసినట్టు కనబడింది. పాత్ర మాసినప్పుడు ఏం చెయ్యాలో నూకరత్నానికి ఒకరు చెప్పాలా? చింతపండు నానబెట్టింది, బూడిద తెచ్చింది, కొబ్బరిపీచు చేత పట్టి కూర్చుంది. బానెట్టు, తలుపులు, వెనక తొట్టి, ఒక్క మూల వదలకుండా తోమింది. పసుపు నీళ్ళు వాకిట్లో కాలవ కట్టాయి. ఎంత చిలుము పట్టిందో చూశారా అని మురిసిపోయింది. సాయంత్రానికి పసుపంతా పోయి బండి తెల్లగా మిలమిలా మెరిసింది. గవర్రాజు చుట్టూ తిరిగి చూసి నోరు వెళ్ళబెట్టాడు. పైన పసుపు పూసి లోపల వెండి పెట్టారర్రా, ఎంత మంచివాళ్ళో అన్నాడు. వెంటనే పరదేశి గారికి ఫోన్ చేసి, తమరి మేలు మర్చిపోమండీ ఆయ్ అని చెప్పాడు. పరదేశి గారికి ఏ మేలో అర్థం కాలేదు గానీ పోనీలే అని ఊరుకున్నాడు.

వెండి బండి అనుకున్నాక భయం పట్టుకుంది. పెళ్ళిళ్ళలో పాత్రలు ఒకరివి ఒకరికి మారిపోతుంటాయి. అందుకే ఇంట్లో ప్రతి గుండిగ మీదా, ప్రతి గరిటె మీదా తాత పేరు చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టి ఉంటుంది. సూరపరాజు గారి పెరట్లో ఎన్ని బండ్లు ఆగుతాయో, ఎవరు పొరపాటున దేన్ని తోలుకుపోతారో. బండి మీదా పేరు కొట్టాల్సిందే. అబ్బులు దస్తూరి ముత్యాల్లా ఉంటుంది గనక ఉలి వాడి చేతికిచ్చారు. వాడు తలుపు మీద ఉలి ఆనించి, గుండిగకి ఎంత దెబ్బ వెయ్యాలో అంతే వేశాడు. ఉలి అవతలికి దిగిపోయింది.

"ఒకే దెబ్బకి లోపలా బయటా రెండువైపులా పడిపోతోందన్నయ్యా" అన్నాడు అబ్బులు సంబరంగా.

ఇలా సగం శ్రమ తప్పిందని సంతోషించి, రెండు తలుపుల మీదా కొట్టాడు, తొట్టి మీదా కొట్టాడు, పైనుంచి చూసేవాళ్ళకి కూడా తెలియాలని కప్పు మీద ఇంటి పేరుతో సహా పెద్ద అక్షరాలతో కొట్టాడు. పని అయ్యాక గవర్రాజు లోపలికెక్కి కూర్చుంటే, ఎండ కప్పులోంచి దిగి తాత పేరు వెలుతురు చుక్కలై ఆయన ఒళ్ళో పడింది. గవర్రాజుకి కళ్ళు చెమ్మగిల్లాయి. తాత బండెక్కాడర్రా అన్నాడు. 

మర్నాడు వాన పట్టుకుంది. బండి తడిసిపోతుందేమో చూస్తుండమని బుల్లియ్యని లోపల కూర్చోబెట్టారు. బండి బాగానే ఉంది. తాత పేరులోంచి, ఇంటి పేరులోంచి నీళ్ళు ధారలు కట్టి బుల్లియ్య నిలువెల్లా తడిసిపోయాడు. రోడ్డు మీద నిలబడ్డ గేదె కూడా అంత తడవలేదు. ఇంకేముంది, తెల్లారేసరికి వాడికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పెళ్ళి ముంచుకొస్తోంది, గుండిగలు ఎత్తడానికి ఇంట్లో వాడంత బలమైనవాడు లేడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంది నూకరత్నం.

గవర్రాజు చెయ్యెత్తి ఆపాడు. పరదేశి గారు ఏం చెప్పాడో అప్పుడే మర్చిపోయారా అని అందరినీ మందలించాడు. రేకు నలిగితే మనిషి బతుకుతాడు. మరి రేకు నలక్కుండా మనిషి ఎలా బతుకుతాడు?  అంతే, రోకలి తెచ్చారు. ఎవరి జ్వరానికి వాళ్ళే నలపడం న్యాయమని రోకలి బుల్లియ్య చేతికే ఇచ్చారు. వాడు దుప్పటి కప్పుకుని వణుకుతూనే బానెట్టు మీద మొదలుపెట్టాడు. కొట్టగా కొట్టగా వేడెక్కాడు, దుప్పటి తీసి పారేశాడు, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. బానెట్టు పూర్తిగా నలిగేసరికి జ్వరం దిగిపోయింది. ఆకలేస్తోంది వదినా అన్నాడు. నూకరత్నం రేకుకి పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఇలాంటి సంగతి దాగుతుందా? మధ్యాహ్నానికల్లా వీధంతా వాకిట్లో ఉంది. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి మంచం దిగని మంగాయమ్మ కొడుకుల భుజాల మీద వచ్చి, కుడి మోకాలికి కుడి తలుపు, ఎడమ మోకాలికి ఎడమ తలుపు నలిపించుకుని వెళ్ళింది. పంటినొప్పి వాళ్ళొచ్చారు, నడుం నొప్పి వాళ్ళొచ్చారు, ఎక్కిళ్ళు ఆగని ఒకాయన ఎక్కిలికో దెబ్బ చొప్పున తొట్టి వెనకంతా చదును చేశాడు. ఒంట్లో ఏ నలతా లేని కోడళ్ళు కొందరు అత్తగార్ల మీద కోపంతో వచ్చి, తనివితీరా కొట్టి, నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. తాత పేరు మీద ధర్మం అని గవర్రాజు ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. కొట్టిన వాళ్ళందరికీ ఎంతో కొంత నయంగానే అనిపించింది. వీధి వీధంతా కళకళలాడింది. బండి మాత్రం నమిలి ఉమ్మేసిన చెరుకుపిప్పిలా తయారైంది.

పెళ్ళిరోజు పొద్దున్న చూస్తే తలుపులు తెరుచుకోలేదు. కప్పు సీటు మీదికి వంగిపోయింది. వెనక తొట్టి పళ్ళు లేని నోరులా ముడుచుకుంది. చిన్న గుండిగ పెట్టబోతే కూడా పట్టలేదు. అప్పటిదాకా ధీమాగా ఉన్న గవర్రాజు ఎద్దుల పాక వైపు పరిగెత్తాడు. ఎద్దుల్లేవు, ఎద్దుబండి లేదు. ఎండ అప్పుడే గోడలెక్కింది. లంకలో పాలకేంద్రం నుంచి వచ్చిన మనిషి, చిట్టిబాబు బండి స్టీలు పాత్రలేసుకుని రాజుగారి గుమ్మం ముందు సిద్ధంగా నిలబడి ఉందని చెప్పి పోయాడు. గవర్రాజు పరదేశి గారికి ఫోన్ చేశాడు. తలుపుల సంగతి చెప్పాడు, కప్పు సంగతి చెప్పాడు, తొట్టి సంగతి చెప్పాడు. అప్పటికే ఈ ఇంటి ఫోన్లతో విసిగి వేసారి ఉన్న పరదేశి గారు ఒక్క నిట్టూర్పు విడిచాడు.

"ఇక ఆ రేకు సంగతి మర్చిపోండి గవర్రాజు గారూ. బండి బలమంతా కింద చట్రంలో ఉంటుంది. రేకు లేకపోయినా బండి నడుస్తుందండి బాబూ."

గవర్రాజు ఫోన్ పెట్టేసి తమ్ముళ్ళ వైపు జాలిగా చూశాడు. రేకు లేకపోయినా నడిచే బండి చేత ఇన్నాళ్ళూ అనవసరంగా రేకు మోయించామే అన్నాడు. అంతే, రంపాలొచ్చాయి, గొడ్డళ్ళొచ్చాయి, పక్కింటి నుంచి పానాలొచ్చాయి. తలుపులు ఊడదీశారు, బానెట్టు ఊడదీశారు, కప్పు కోసేశారు, తొట్టి విప్పేశారు. చూస్తుండగానే ఇంజను, చక్రాలు, చట్రం, ఒక సీటు, స్టీరింగు మిగిలాయి. అబ్బులు ఎక్కి తాళం తిప్పితే బండి గుర్రుమని కదిలింది. పరదేశి గారు దేవుడర్రా అన్నాడు గవర్రాజు. చట్రం మీద వెడల్పాటి చెక్కలు పరిచి బిగించారు. ఇప్పుడు తొట్టికంటే ఎక్కువ చోటే వచ్చింది. ఇక గుండిగలెక్కించి బయల్దేరడమే తరువాయి.

అప్పుడు గవర్రాజు చెయ్యెత్తి ఆపాడు. తాత పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పేరు కొట్టిన సామాను పెళ్ళికి బయల్దేరితే అంతా కలిసే వెళ్ళాలి, కలిసే తిరిగి రావాలి, ఒక్క గరిటె కూడా విడిగా వెనక ఉండిపోకూడదు. మరి రేకు మీద పేరుంది కదా. తలుపుల మీదుంది, తొట్టి మీదుంది, కప్పు మీద ఇంటి పేరుతో సహా ఉంది. ఇంకేముంది, ముందు రేకు ఎక్కించారు. పల్చటి సరుకు గనక ఒక్కో ముక్క కింద మెత్తగా ఎండుగడ్డి వేసి, మధ్యలో గోనెలు దూర్చి, పైన దుప్పటి కప్పి, తాళ్ళతో సుతారంగా కట్టారు. చెక్కలు నిండిపోయాయి. గుండిగల్ని దాని మీద పెడదామా అంటే, ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న రేకు నలిగిపోతుంది.

పోనీ రెండుసార్లు తిరిగితేనో అంది నూకరత్నం.

"రెండోసారి వెళ్ళేటప్పుడు రేకుని ఇక్కడ వదిలేస్తామా? మళ్ళీ దాన్నీ వేసుకెళ్ళాలి కదే" అన్నాడు గవర్రాజు.

నిజమేనని ఆవిడ ఒప్పుకుంది. తెలివైన ఇంటి కోడలు.

మరి దారేది?  గవర్రాజు పెద్ద గుండిగని రెండు చేతులా వాటేసుకుని చిన్నపిల్లాడిలా భోరున ఏడ్చాడు. తాత ముఖం ఎలా చూడాలిరా అని ఏడ్చాడు. తాత పోయి చాలా ఏళ్ళయిందని చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది. ఆ ఏడుపుకి వీధి వీధంతా కదిలొచ్చింది. అందరికంటే ముందు కర్రైనా లేకుండా వచ్చింది మంగాయమ్మ. సంగతి విని గవర్రాజు భుజం మీద చెయ్యేసింది.

"ఊరుకో బాబూ. మా నొప్పులన్నీ మీ బండి మోసింది. మీ గుండిగలు మేం మొయ్యలేమా?"

అంతే. పంటినొప్పి వాళ్ళొక గుండిగ ఎత్తారు, నడుం నొప్పి వాళ్ళొకటి ఎత్తారు, ఎక్కిళ్ళాయన గంగాళం నెత్తికెత్తుకున్నాడు, కోడళ్ళూ అత్తగార్లూ గరిటెలు, పళ్ళేలు, మూతలు పంచుకున్నారు. ముందు అబ్బులు బండి తోలుతూ, గుంతొచ్చిన చోటల్లా ఆగి, కుదుపుకి రేకు కదిలిందేమోనని దిగి చూసుకుంటూ వెళ్ళాడు. వెనకాల జనం గుండిగలు మోసుకుంటూ, వాడు ఆగినప్పుడల్లా తామూ ఆగుతూ, ఏటిగట్టు వెంట నడిచారు.

మధ్యాహ్నం కావస్తుండగా సూరపరాజు గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని చిట్టిబాబుతో, ఇక దించవోయ్ నీ పాత్రలు అనబోతున్నారు. అప్పుడు గట్టు మీద ఏదో మెరిసింది. చూస్తే, తళతళలాడుతూ తోమిన ఇత్తడి గుండిగలు, జనం నెత్తుల మీద వరసగా కదిలొస్తున్నాయి. చిన్నప్పుడు తన మేనత్త పెళ్ళికి గుండిగలు అచ్చం ఇలాగే మనుషుల నెత్తిన ఊరేగి రావడం రాజుగారికి గుర్తుంది. మళ్ళీ ఇన్నాళ్ళకి, తన ఇంటి గౌరవం కోసం ఊరు ఊరంతా మోసుకొస్తున్నారనుకుని ఆయన మనసు కరిగిపోయింది. చిట్టిబాబుని బండి తిప్పుకోమన్నారు. నాలుగడుగులు ఎదురెళ్ళి గవర్రాజుని కౌగిలించుకున్నారు.

"ఏవోయ్ గవర్రాజూ, నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకూ మా ఇంట అన్నం ఉడికేది నీ గుండిగల్లోనే" అన్నారు.

 ఆ క్షణాన గవర్రాజంత సంతోషంగా ఉన్న మనిషి పెళ్ళిపందిట్లో ఇంకొకడు లేడు, పెళ్ళికొడుకుతో సహా.

పొయ్యిలు వెలిగాక రాజుగారు తీరిగ్గా అబ్బులు బండి దగ్గరికొచ్చి దుప్పటి ఎత్తి చూశారు. ఇదేంటోయ్ అన్నారు. బండండీ అన్నాడు గవర్రాజు. మరి కింద ఉన్నదో? అదీ బండేనండీ, పైనున్నది కింద దాని రేకండీ ఆయ్.  రాజుగారు మంచినీళ్ళు తెప్పించుకుని తాగారు. తరవాత నిదానంగా, తన రెండో మనవరాలి పెళ్ళి ఏరు దాటి, కొండ మీద గుడి దగ్గర అనుకుంటున్నామనీ, అంత దూరం నెత్తిన మోసుకురావడం అయ్యే పని కాదనీ, ఎలాగైనా గుండిగలు బండిలోనే తేవాలనీ, అప్పటికి ఏదో ఒక ఏర్పాటు చేసుకోమనీ చెప్పారు.

గవర్రాజు అప్పటికే అదంతా ఆలోచించి పెట్టుకున్నాడు.

"ఇంకో బండి కొంటున్నామండీ. ఈ బండి రేకు దాంట్లో వేసేస్తే ఇది ఖాళీ అయిపోద్ది కదండీ."

"మరి దాని రేకు?" అన్నారు రాజుగారు.

"అది దీంట్లో వేస్తామండీ" అన్నాడు గవర్రాజు.

పెళ్ళి అయిన మర్నాడే ముగ్గురన్నదమ్ములూ రెండో బండి కొనడానికి టౌనుకి బయల్దేరారు. నడిచే వెళ్ళారు. బండిలో చోటు లేదు కదా.